మూడు రోజుల సంచి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటున్న మా అక్క మంచం దిగబోతే కాలికి చెప్పు తగల్లేదు, నీళ్ళు తగిలాయి. స్విచ్చి వేస్తే లైటు వెలగలేదు. బావగారిని లేపి, పిల్లల్ని లేపి, చీకట్లో చేతికి దొరికినవి పట్టుకుని మేడ మీద ఓనరు గారి వాటాలోకి ఎక్కారు. తొమ్మిదిన్నరకల్లా కింద ఇంట్లో నడుము లోతు నీళ్ళు.

ఆ చీకట్లో ఏమేం పట్టుకెళ్ళారో తర్వాత అక్కే లెక్క చెప్పింది. పట్టుచీరల సూట్‌కేసు, దేవుడి గూట్లోని వెండి సామాను, పిల్లాడి లాప్‌టాప్. కింద మిగిలిపోయినవి బావగారి ఇన్సులిన్, మందుల డబ్బా, ఆధార్ కార్డులున్న ఫైలు, ఫోన్ చార్జర్, మంచినీళ్ళ టిన్ను. ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో ఉంది. ఆ ఫ్రిజ్ మధ్యాహ్నానికి నీళ్ళలో తేలి, గోడకు కొట్టుకుని, వెల్లకిలా పడింది. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "చుట్టూ నీళ్ళేరా తమ్ముడూ, తాగడానికి గుక్కెడు లేవు. ఫోన్లో పద్నాలుగు శాతమే ఉంది, పెట్టేస్తున్నా" అంది. మళ్ళీ ఆమె గొంతు వినడానికి మాకు రెండు రోజులు పట్టింది.

మా అక్క అజాగ్రత్త మనిషి కాదు. నెల సరుకుల చీటీ రాయకుండా కొట్టుకి వెళ్ళదు. కానీ తెల్లవారని చీకట్లో, గుండె దడదడలాడుతుండగా ఏది ముఖ్యమో తేల్చుకోవడం ఎవరివల్లా కాదు. చెయ్యి విలువైన వస్తువు మీదికే పోతుంది, అవసరమైన వస్తువు మీదికి పోదు. ఆ తేల్చుకునే పనేదో ముందే, పగటిపూట, తీరిగ్గా కూర్చుని చేసి, ఒక సంచిలో సర్ది పెట్టుకోవాలి. ఎమర్జెన్సీ కిట్ అని పెద్ద పేరు పెట్టి పిలుస్తున్నది దీన్నే.

ఆ రోజు ఏం జరిగిందో కాస్త చెప్పుకుంటే సంచిలో ఏముండాలో దానంతటదే తెలుస్తుంది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. ఎక్కువైన నీటిని వెలగలేరు దగ్గర నుంచి డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్ళిస్తారు. ఆ రోజుల్లో కృష్ణే నిండుగా ఉంది; ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీళ్ళు అందులోకి సరిగా దిగవు. కాలువ కట్టకు గండ్లు పడ్డాయి, ఆ నీళ్ళు ఊరి మీదికి తిరిగాయి. హెలికాప్టర్లు, పడవలు, ఆఖరికి డ్రోన్లతో కూడా ఆహారం పొట్లాలు, నీళ్ళ సీసాలు అందించారు. సాయం వచ్చింది. కానీ ముందు మెయిన్ రోడ్డుకొచ్చింది, తర్వాత వీధికొచ్చింది, ఆ తర్వాతెప్పుడో సందులోకొచ్చింది. కొన్ని కాలనీల్లో నీళ్ళు వారం దాటినా తీయలేదు.

విపత్తు వేళ ఎవరి సాయమూ లేకుండా ఒక కుటుంబం కనీసం మూడు రోజులు గడుపుకోగలగాలన్నది ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఎక్కడైనా చెప్పే మాట. డెబ్బై రెండు గంటలు. అందుకే మా ఇంట్లో దీన్ని మూడు రోజుల సంచి అంటున్నాం.

నిజానికి కావలసినవి రెండు ఏర్పాట్లు. మేడ మీదే చిక్కుకుపోతే వాడుకోవడానికి ఇంట్లో కొంత నిలవ. ఇల్లు వదిలి పోవాల్సి వస్తే భుజాన వేసుకోవడానికి ఒక సంచి. ఈ రెంటినీ కలిపి ఒకటే చెయ్యాలని చూస్తే సంచి మోయలేనంత బరువవుతుంది. ఆ బరువులో ఎక్కువ భాగం నీళ్ళదే కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మనిషికి రోజుకు తాగడానికి, కాస్త వంటకి మూడు నాలుగు లీటర్లు కావాలి. మూడు లీటర్లే అనుకున్నా నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 36 లీటర్లు. అంటే రెండు 20 లీటర్ల టిన్నులు. ఇవి భుజాన మోసేవి కావు. ఇంట్లోనే, నేల మీద కాకుండా ఎత్తయిన గట్టు మీద ఉండాలి. ఇల్లు వదిలేటప్పుడు సంచితో పాటు ఎవరికి వారు రెండేసి లీటరు సీసాలు పట్టుకుంటే చాలు. తుఫాను కబురు తెలిసిన సాయంత్రమే ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, డ్రమ్ములు అన్నీ నింపేయాలి. కరెంటు పోతే మోటారు తిరగదు, మోటారు తిరక్కపోతే పైన ట్యాంకు నిండదు. ఈ సంగతి మనకి ట్యాంకు ఖాళీ అయ్యాకే గుర్తొస్తుంది. ఇంట్లో పట్టి మూత పెట్టిన తాగునీళ్ళు నెలల తరబడి ఉంచొద్దు. ఆరు నెలలు గడువు అంటారు గానీ మన ఎండలకి రెండు మూడు నెలలకోసారి మార్చడం మేలు.

ఉన్న నీళ్ళు అయిపోయి అనుమానంగా ఉన్న నీళ్ళే తాగాల్సి వస్తే, ముందు నాలుగు మడతల నూలు గుడ్డలో వడకట్టి, తేరనిచ్చి, పైన తేటని వంచుకోవాలి. పొయ్యి ఉంటే కళపెళా మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరగనిస్తే చాలు. గ్యాసు లేకపోతే క్లోరిన్ బిళ్ళలు. ఏ బిళ్ళ ఎన్ని లీటర్లకో కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి స్ట్రిప్ మీద ఉన్నది చదివే వెయ్యాలి. వేశాక అరగంట ఆగాలి. వడకట్టకుండా బురద నీళ్ళలో బిళ్ళ వేస్తే దాని శక్తంతా బురదతోనే సరిపోతుంది, క్రిములు అలాగే ఉంటాయి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మరిగించినా, బిళ్ళ వేసినా క్రిములు చస్తాయి గానీ కిరోసిన్, పెట్రోలు, పురుగుమందులు కలిసిన నీళ్ళు బాగుపడవు. పైన నూనె తెట్టు కనిపించినా, వాసన వచ్చినా ఆ నీళ్ళు ముట్టొద్దు.

తిండి సంగతికి వస్తే మన పెద్దవాళ్ళకి ఈ విద్య బాగా తెలుసు. రైలు ప్రయాణానికి సద్దిమూట, మరచెంబు లేకుండా గడప దాటేవాళ్ళు కాదు. పొయ్యి ముట్టించనక్కర్లేనివి, తడి తగలకపోతే పాడవనివి మన వంటింట్లోనే బోలెడు. అటుకులు, మరమరాలు, పుట్నాల పప్పు, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, బిస్కెట్లు, పిల్లలుంటే పాలపొడి. అటుకులు రెండు గుక్కల నీళ్ళతో తడిపి, బెల్లం నలిపి వేస్తే ఒక పూట గడుస్తుంది. ఆవకాయ జాడీ కూడా పెట్టుకోవాలని మనసు లాగుతుంది. వద్దు. ఉప్పూ కారం దాహం పెంచుతాయి. చిప్సూ మిక్చరూ అంతే. తాగునీటికి లెక్కపెట్టుకునే రోజుల్లో దాహం పెంచే తిండి పనికిరాదు.

పసిపిల్లలున్న ఇల్లయితే ఒక మాట. తల్లిపాలు తాగే బిడ్డకి ఏ పరిస్థితిలోనూ మాన్పించొద్దు. బిడ్డకి అంతకంటే శుభ్రమైన ఆహారం వరద నీళ్ళ మధ్య దొరకదు. డబ్బాపాలే పట్టాల్సి వస్తే పాలసీసా కంటే మన ఉగ్గుగిన్నె నయం. సీసా మూతుల్లో, రబ్బరు పీకలో చేరిన మురికిని కడగాలంటే చాలా నీళ్ళు కావాలి, ఉడకబెట్టాలి. ఉగ్గుగిన్నెకి మూల లేదు, మడత లేదు. కాచిన నీళ్ళు కాసిని ఉంటే శుభ్రమవుతుంది. అమ్మమ్మ గారి ఉగ్గుగిన్నె ఏ అటక మీదో ఉంటే దించి సంచిలో వేయండి.

ఇక మందులు. మిగతా వస్తువులన్నీ మూడు రోజులకైతే మందులు మాత్రం వారానికి ఉండాలి. వాన వెలిసిన మర్నాడే మందుల షాపు తెరుచుకోదు. తెరుచుకున్నా షాపులో సరుకు కూడా తడిసే ఉంటుంది. మా బావగారి మందుల డబ్బా నాలుగో రోజున నీళ్ళలోంచి బయటపడింది. రేకుల్లో మాత్రలు బాగానే ఉన్నట్టు కనిపించాయి గానీ మీద అచ్చు చెరిగిపోయి ఏది బీపీదో, ఏది గుండెదో పోల్చుకోలేకపోయాం. పేర్లు ఆయనకి నోటికి రావు. "పొద్దున వేసుకునే తెల్లది, రాత్రి వేసుకునే చిన్నది" అంటారు. మందుల చీటీ అదే డబ్బాలో నానిపోయింది.

అందుకే మరమూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో వారం రోజుల మందులు వేసి, ఒక కాగితం మీద మందు పేరు, ఎంత మోతాదు, ఎవరికి, ఏ పూట అని పెద్ద అక్షరాలతో రాసి, పారదర్శకమైన కవరులో పెట్టి అదే డబ్బాలో ఉంచండి. కొత్తగా కొన్న స్ట్రిప్ డబ్బాలోకి, డబ్బాలో పాతది వాడకంలోకి. ఇలా తిప్పుతుంటే గడువు దాటే సమస్య రాదు. బీపీ, థైరాయిడ్, గుండె మందులతో పాటు మూర్ఛ మందు వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు. ఆయాసం ఉన్నవాళ్ళ ఇన్‌హేలర్ కూడా అంతే.

ఇన్సులిన్ గురించి చాలామందికి ఉన్న భయం ఫ్రిజ్ ఆగిన గంటకే అది పాడైపోతుందని. అలా ఏం కాదు. 30 డిగ్రీల లోపు వేడిలో చాలా రకాల ఇన్సులిన్లు సుమారు నాలుగు వారాలు పనిచేస్తాయి. మీరు వాడే రకానికి ఎంతో దాని కాగితంలో ఉంటుంది. మన ఊళ్ళలో 30 డిగ్రీల లోపు ఉంచడమే అసలు పని. దానికి కుండ చాలు. ఒక పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, తడి తగలకుండా మూసిన డబ్బాలో ఇన్సులిన్ పెట్టి, చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. ఇసుక ఆరకుండా అప్పుడప్పుడు నీళ్ళు చిలకరిస్తే మంచినీళ్ళ కూజా చల్లబడినట్టే లోపల చల్లబడుతుంది. ఎవరో తెచ్చిన ఐసుగడ్డ మీద మాత్రం పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ప్రథమ చికిత్సకి పెద్ద పెట్టె అక్కర్లేదు. దూది, గాజుగుడ్డ, అంటుకునే పట్టీలు, క్రేప్ బ్యాండేజి, బీటాడిన్, చిన్న కత్తెర, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు. ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒకేసారి దాని మీద రాసినన్ని నీళ్ళలో, మామూలుగా లీటరులో, కలపాలి. సగం సగం కలిపితే పాళ్ళు తప్పుతాయి. కలిపింది ఒక రోజు దాటితే పారబోయాలి. పొట్లాలు అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, చెంచాలు గోపురం కట్టకుండా సమంగా తీసుకోవాలి. వరద తర్వాత జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. అది డెంగీ అయితే వాటి వల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ దాచి సంచిలో వేసుకోవడం కూడా మంచిది కాదు.

పాముల మాట కూడా చెప్పాలి. నీళ్ళొస్తే అవీ మనలాగే మెరక వెతుక్కుంటాయి. మన డెల్టా ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిన భయమే. కాటు వేస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, బిగించి తాడు కట్టడం ఏదీ చేయొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి చేర్చడమే వైద్యం. సంచిలో దీనికి పనికొచ్చేది రాత్రి అడుగు వేసే ముందు నేల చూపించే టార్చిలైటే.

టార్చి అంటే ఫోన్లో ఉందిగా అంటారు పిల్లలు. ఉంది, కానీ అది ఫోన్ ప్రాణాన్నే తినేస్తుంది. వేరే ఎల్‌ఈడీ టార్చి ఒకటి, వీలైతే తలకి తగిలించుకునేది కొనుక్కోండి. చంటిబిడ్డని ఎత్తుకుని మెట్లెక్కే మనిషికి రెండు చేతులూ కావాలి. బ్యాటరీలు టార్చిలో వేసి నెలల తరబడి వదిలేస్తే కారిపోయి అసలుకే మోసం వస్తుంది. వేరే కవర్లో పెట్టి టార్చికి రబ్బరుబ్యాండుతో చుట్టి ఉంచాలి. కొవ్వొత్తులు నేను పెట్టుకోవడం మానేశాను. నీళ్ళొచ్చిన ఇంట్లో గ్యాసు సిలిండర్లు కూడా తేలి పక్కకి ఒరుగుతాయి, ఎక్కడ లీకవుతుందో తెలియదు. అలాంటిచోట వెలిగే మంట వద్దు. ఇల్లు వదిలేముందు రెగ్యులేటర్ కట్టేయడం, చెయ్యీ కాలూ పొడిగా ఉన్నప్పుడే కరెంటు మెయిన్ దించడం ఇంట్లో పదేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ చేతనవ్వాలి.

ఫోన్‌కి పవర్‌బ్యాంకు కావాలి. దాని మీద 10,000 అని రాసి ఉంటే 5,000 బ్యాటరీ ఉన్న ఫోన్ రెండుసార్లు నిండుతుందని లెక్క వేసుకోకండి. మధ్యలో కొంత వృథా అవుతుంది. ఒకసారి నిండి, కాస్త మిగులుతుందంతే. వాడకుండా పెట్టెలో ఉంచినా చార్జి మెల్లగా తగ్గుతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి నింపాలి. ఇంట్లో పాత కీప్యాడ్ ఫోన్ పడి ఉంటే దానికి ప్రాణం పోయండి, అది ఒక్క చార్జితో రోజుల తరబడి నిలుస్తుంది. టవర్లు కిక్కిరిసి కాల్ కలవనప్పుడు ఎస్‌ఎంఎస్ చాలాసార్లు వెళ్ళిపోతుంది. "బాగున్నాం, మేడ మీదున్నాం, ఇన్సులిన్ కావాలి" అన్న నాలుగు మాటలు వేరే ఊళ్ళో ఉన్న ఒక్క బంధువుకి పంపి, మిగతా అందరికీ ఆ బంధువు చేత చెప్పించాలి. మా అక్క ఫోన్లో మిగిలిన ఆ పద్నాలుగు శాతం పదకొండు మందికి బాగున్నామని చెప్పడంలో ఖర్చయిపోయింది.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియో పాత వస్తువనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు ఒరిగిపోయాయి. అంత పెద్ద నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. అలాంటప్పుడు కబురు తెలిపేది రేడియోనే. చిల్లర డబ్బు విలువ కూడా అప్పుడే తెలిసొచ్చింది. ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్ కోసం బారులు తీరారు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు. అక్కడ ఉన్న మా స్నేహితుడి జేబులో మూడు కార్డులున్నాయి గానీ పాలకి ఇవ్వడానికి ఇరవై రూపాయల నోటు లేదు. ఇప్పుడు మనం యూపీఐకి ఇంకా అలవాటు పడ్డాం, కూరగాయల బండి దగ్గర కూడా ఫోనే తీస్తున్నాం. సంచిలో రెండు మూడు వేల రూపాయలు ఉంచండి, అన్నీ 50, 100 నోట్లే. ఐదు వందల నోటుకి ఆ రోజుల్లో చిల్లర దొరకదు.

కాగితాల దగ్గర చాలామంది పొరబడతారు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, బీమా పాలసీలు, పిల్లల సర్టిఫికెట్లు, వీటన్నిటి నకళ్ళు జిప్ కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టి సంచిలో ఉండాలి. అసలైనవి కూడా ఒకే ఫైల్లో, సంచితో పాటు చేతికందేలా ఉండాలి. డిజిలాకర్ ఉంది కదా అంటే, అది తెరవడానికి ఇంటర్నెట్ కావాలి. ముందే ఫోటోలు తీసి ఫోన్లో ఉంచుకోండి. వరద తీశాక నష్టపరిహారం లెక్కలు రాయడానికి వచ్చేవాళ్ళు మొదట అడిగేది ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళయితే అక్కడ ఉంటున్నట్టు చూపే కాగితం ఒకటి దగ్గరుంచుకోవడం మంచిది. ఇంకో చిన్న కాగితం మీద పది ఫోన్ నంబర్లు చేత్తో రాసి పెట్టుకోండి. మన ఇంట్లోవాళ్ళ నంబర్లే మనకిప్పుడు నోటికి రావు. వాటి కింద 112, 108, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 కూడా రాయండి.

మరుగుదొడ్డి గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోవడం వల్ల ఎక్కువ బాధపడేది ఆడవాళ్ళు. వరద నీళ్ళు నిండగానే కింది అంతస్తు మరుగుదొడ్లలోంచి మురుగు వెనక్కి తంతుంది. పై అంతస్తులో ఒకే ఒక్క దొడ్డి మూడు నాలుగు కుటుంబాలకి. పోయడానికి నీళ్ళుండవు. మా అక్క ఆ మూడు రోజులూ దొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని భయపడి ఉన్న కాసిని నీళ్ళు కూడా తాగలేదట. నాలుగో రోజున మూత్రంలో మంటతో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇది చెప్పడానికి ఆమె నెల రోజులు సంకోచించింది. మూత గట్టిగా పడే బకెట్ ఒకటి, పెద్ద నల్ల చెత్త కవర్లు ఒక కట్ట, బూడిదో రంపంపొట్టో ఒక సంచెడు, కాస్త బ్లీచింగ్ పౌడరు ఉంటే ఈ నరకం తప్పుతుంది. బకెట్‌కి కవరు తొడిగి, వాడిన ప్రతిసారీ పైన బూడిద చల్లి మూత పెట్టాలి. బ్లీచింగ్ బకెట్ బయట శుభ్రం చేయడానికే. అడ్డం కట్టుకోవడానికి ఒక పాత దుప్పటి. సంచిలో శానిటరీ ప్యాడ్లు రెండు నెలలకి సరిపడా, సబ్బు, కొన్ని లోదుస్తులు. మగవాళ్ళు సర్దే సంచుల్లో ఇవేవీ ఉండవు. అందుకే సంచి సర్దేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు కూర్చుని చెప్పాలి, మగవాళ్ళు వినాలి.

మిగతావి చిన్నవే. మనిషికో జత బట్టలు, తువ్వాలు, ఒక దుప్పటి, పదిహేను ఇరవై మీటర్ల నైలాన్ తాడు, చిన్న చాకు, కళ్ళజోడు వాడేవాళ్ళకి పాతదే అయినా ఇంకో జోడు, దోమల మందు, గట్టి అడుగున్న చెప్పులు. మనిషికో ఈల. గొంతు పదిసార్లు అరిస్తే పోతుంది, ఈల ఊపిరి ఉన్నంతసేపూ మోగుతుంది, గాలివానలోనూ వినబడుతుంది. మూడుసార్లు ఊది ఆగి మళ్ళీ మూడుసార్లు ఊదడం సాయం కోరే పిలుపు. పిల్లలకి ఇదొక్కటి నేర్పితే మిగతావి వాళ్ళే అడిగి తెలుసుకుంటారు.

ఇవన్నీ పెట్టడానికి పిల్లల పాత స్కూలు బ్యాగు మేలు. సూట్‌కేసు చెయ్యి ఒకటి ఆక్రమిస్తుంది, నీళ్ళలో ఈడ్చలేం. ముందు పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి అందులో వస్తువులు సర్ది మూతి కట్టాలి. బరువు ఎనిమిది పది కిలోలు దాటకూడదు. సర్దాక భుజాన వేసుకుని ఒకసారి మెట్లెక్కి చూడండి. దాన్ని అటక మీద పెట్టొద్దు, మంచం కిందా వద్దు. తలుపు పక్కన, తల ఎత్తులో గట్టి మేకుకి తగిలించాలి. చీకట్లో తడిమితే చేతికి తగలాలి.

ఎప్పుడు భుజాన వేసుకోవాలో తెలియడం సంచి కంటే ముఖ్యం. వాతావరణ శాఖ ఎల్లో అంటే కనిపెట్టుకుని ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని. పేపర్లో కనిపించే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు ప్రమాద హెచ్చరికలు ఓడరేవుల కోసం, ఓడల కోసం. మూడో నంబరే కదా అని ఊళ్ళో ఉన్నవాళ్ళు ధీమాగా ఉండటానికి అవి కొలత కావు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ (ఎన్‌డీఎమ్‌ఏ) వాళ్ళ సచేత్ యాప్ ఫోన్లో వేసుకుంటే మీరున్న చోటికి వచ్చే హెచ్చరికలు నేరుగా అందుతాయి.

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి మరో మాట. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో వేలాదిమంది పోయారు. అంతటి నీటి గోడ ముందు ఏ సంచీ ఏమీ చేయలేదు. అక్కడ ప్రాణం కాపాడేది ముందుగా కదలడమే. ఖాళీ చేయమని మైకులో చెప్పినప్పుడు సంచి భుజాన వేసుకుని తుఫాను రక్షణ కేంద్రానికి వెళ్ళిపోవాలి. ఇంట్లో సామానుకి కాపలా ఉంటానని మగవాళ్ళు ఆగిపోవడం మన ఊళ్ళలో ఉన్న ప్రమాదకరమైన అలవాటు. సంచి సిద్ధంగా ఉంటే కదలడం తేలికవుతుంది, అది మాత్రం నిజం.

సర్దడం ఒక ఆదివారం పని. అసలు కష్టం దాన్ని బతికించి ఉంచడం. బిస్కెట్లు మెత్తబడతాయి, మందుల గడువు దాటుతుంది, పిల్లల బట్టలు పొట్టివవుతాయి. మన దగ్గర తుఫాన్లు ఎక్కువగా మే నెలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ వస్తాయి. కాబట్టి ఉగాదికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి సంచి విప్పి చూసుకునేలా మేం పెట్టుకున్నాం. పాత అటుకులు ఆ రోజు ఉప్మా అవుతాయి, కొత్తవి సంచిలోకి వెళ్తాయి. 2024లో వినాయక చవితి సెప్టెంబరు 7న, వరదొచ్చిన వారానికే వచ్చింది. అక్క వాళ్ళు ఆ పండగ చేసుకోలేదు. ఆ తర్వాతి ఏడాది పత్రి తెచ్చిన బుట్ట పక్కనే కొత్త బ్యాటరీలు పెట్టుకుని కూర్చుంది.

చివరిగా ఒక విన్నపం. మా అక్క వాళ్ళ వీధిలో ముసలి దంపతులిద్దరే ఉంటున్న ఇళ్ళు నాలుగున్నాయి. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో. ఇలాంటి వీధులు మన ఊళ్ళలో ఎన్నో. ఈసారి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట అమ్మానాన్నల పక్కన కూర్చుని వాళ్ళ సంచి సర్దండి. మందుల పేర్లు పెద్ద అక్షరాలతో రాయండి. టార్చి ఎలా వెలుగుతుందో నాన్న చేతికిచ్చి చూపించండి. పైవాటా వాళ్ళ నంబరు, పక్కింటి కుర్రాడి నంబరు మీ ఫోన్లో ఎక్కించుకోండి. మేకు మీరే కొట్టి, సంచి దానికి తగిలించి, అమ్మ చెయ్యి దానికి అందుతుందో లేదో చూసి మరీ వెళ్ళండి.